నోరూ పేగూ లేని రిఫ్టియా: ఒంట్లో ఏది ఎక్కడుంటుంది, ఏ సముద్రంలో ఉంటుంది, మన వైపు ఎందుకు లేదు

ముందు మీ ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. ఎమ్మెస్సీ సెమినార్ కోసం రిఫ్టియా పాకిప్టిలా అనే పెద్ద గొట్టపు పురుగు గురించి చదువుతున్నారు. నోరు, పేగు లేకుండా అంత ఒళ్ళు ఎలా పెంచుకుంటుంది, లోపలి భాగాల అమరిక ఏమిటి, లోతైన సముద్రం ఉన్న ప్రతిచోటా ఇది ఉంటుందా, మన బంగాళాఖాతంలో దొరికే అవకాశం ఉందా అని అడిగారు.

సూటి జవాబు ఇది. రిఫ్టియా తూర్పు పసిఫిక్‌లో, సముద్రం అడుగు పగుళ్ళలోంచి వేడినీరు ఊరే బుగ్గల దగ్గర బతికే పురుగు, ఇంకెక్కడా లేదు. కాలిఫోర్నియా సింధుశాఖలోని గ్వైమస్ బేసిన్ నుంచి మొదలై, ఈస్ట్ పసిఫిక్ రైజ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి వెంట భూమధ్యరేఖ దాటి దక్షిణంగా 30 డిగ్రీల అక్షాంశం దాకా, పక్కన గాలపాగస్ రిఫ్ట్ మీద కనిపిస్తుంది. లోతు సుమారు 2000 నుంచి 2600 మీటర్లు. తిండి సంగతికొస్తే, ఒంటి లోపల ఉండే బాక్టీరియా దాన్ని పోషిస్తాయి. ఆ బాక్టీరియాకు కావలసిన సరుకంతా రక్తంతో మోసుకెళ్ళి అందించడమే పురుగు పని. బంగాళాఖాతంలో రిఫ్టియా లేదు, కానీ దాని చుట్టాలు ఉన్నారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నా గురించి ఒక మాట. నేను పనిచేసింది తీరం దగ్గరి పాలీకీట్ల (ఒంటి మీద ముళ్ళలాంటి శూకాలుండే సముద్రపు పురుగుల) మీద: విశాఖ హార్బర్ బురద, పడవల అడుగున పట్టే సున్నపు గొట్టాలు, ఆ రకం. రిఫ్టియాను సముద్రం అడుగున చూసినవాణ్ణి కాదు. అయితే ఏళ్ళ తరబడి అనెలిడా (వానపాము, జలగ, పాలీకీట్లు ఉండే వర్గం) పాఠం చెప్పడంలో, గొట్టాల్లో బతికే పురుగుల్ని కోసి చూడటంలో ఒకటి బాగా అర్థమైంది. ఈ జంతువు శరీర నిర్మాణాన్నీ, అది ఉండే చోటునీ విడివిడిగా చదివితే రెండూ బుర్రకెక్కవు. మ్యాప్ మీద అది ఎక్కడ ఆగిపోయిందో ఎందుకు ఆగిపోయిందో దాని ఒళ్ళే చెబుతుంది. కాబట్టి ఒళ్ళు ముందు చూద్దాం.

పై నుంచి కిందికి నాలుగు భాగాలు. గొట్టం బయటికి కనిపించే ఎర్రటి కుచ్చు మొదటిది. మొప్పల పని చేసేది ఇదే. కుచ్చు మధ్యలో ఆబ్ట్యురాక్యులమ్ అనే గట్టి కాడ ఉంటుంది. పీత వచ్చి కొరకబోతే పురుగు లోపలికి లాక్కుంటుంది, అప్పుడు ఆ కాడ పైభాగం గొట్టం మూతికి సీసా బిరడాలా అడ్డుపడుతుంది. రెండోది వెస్టిమెంటమ్. కండ బలిసిన భాగం, రెండు పక్కలా మడతలుంటాయి. వాటిని గొట్టం గోడకు అదిమిపెట్టి పురుగు తనను తాను నిలబెట్టుకుంటుంది. గుండె, మెదడు, జననాంగాల రంధ్రాలు ఇక్కడే ఉంటాయి. గొట్టానికి కావలసిన కైటిన్‌ను స్రవించే గ్రంథులూ ఈ భాగంలో బాగా ఉంటాయి. మూడోది మొండెం, అన్నిటికంటే పొడవైంది. లోపల దాదాపు నిండా ట్రోఫోసోమ్ అనే మెత్తటి కణజాలం, దానితోపాటు జననాంగాలు. నాలుగోది అడుగున ఉండే ఒపిస్తోసోమ్. చిన్నది, ఖండితాలుగా విడిపోయి ఉంటుంది, వాటి మీద శూకాలు వరుసలుగా ఉంటాయి. గొట్టం అడుగున లంగరులా పట్టుకునేది అదే.

పురుగు ఒళ్ళు ఒకటిన్నర మీటర్ల దాకా పెరుగుతుంది, గొట్టం రెండు మీటర్లు దాటుతుంది. హార్బర్‌లో మనకు దొరికే హైడ్రాయిడిస్ అనే పాలీకీట్ గొట్టం సున్నంతో గట్టిగా ఉంటుంది. రిఫ్టియాది అలా కాదు, కైటిన్, ప్రొటీన్ కలిసిన తెల్లటి గొట్టం. కొంచెం వంగుతుంది, అంత తేలిగ్గా చిరగదు.

ఆ నాలుగో భాగం దగ్గర కాస్త ఆగాలి. విద్యార్థులు బొమ్మలో ఎక్కువగా వదిలేసేది దాన్నే. చరిత్రలో పెద్ద గందరగోళానికి కారణమూ అదే. గొట్టంలోని పురుగును పై నుంచి పట్టి లాగితే కొస తెగి అడుగున ఉండిపోతుంది. ల్యాబ్‌లో మా పిల్లలకు రోజూ జరిగేది ఇదే. సగం పురుగు చేతికొస్తుంది, మిగతా సగం గొట్టంలో ఉంటుంది, రికార్డులో మాత్రం పూర్తి పురుగు బొమ్మ ఉంటుంది! రిఫ్టియా చుట్టాలైన సన్నటి పోగోనోఫోరా పురుగులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇండోనేషియా సముద్రాల నుంచి దొరికాయి. వాటినీ ఇలాగే లాగారు. 1964 దాకా కొస భాగాన్ని ఎవరూ సరిగా చూడలేదు. ఖండితాలు, శూకాలు ఉన్న చివరి ముక్క లేకపోయేసరికి ఇవి అనెలిడా అని ఎవరికీ తట్టలేదు. పేగు లేదు కాబట్టి ఏది వెన్ను, ఏది పొట్ట అన్న దాని మీదా తగాదాలు నడిచాయి. వాటిని వేరే వర్గంగా పెట్టారు. రిఫ్టియా దొరికాక 1985లో మెరెడిత్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త వెస్టిమెంటిఫెరా అని ఇంకో వర్గాన్నే ప్రతిపాదించాడు. తర్వాత డింభకాల (గుడ్డు నుంచి వచ్చే పిల్ల దశల) పరిశీలన, డీఎన్‌ఏ పోలికలు వచ్చి అన్నిటినీ అనెలిడాలోకి, సిబోగ్లినిడే అనే ఒక్క కుటుంబంలోకి చేర్చాయి. మీ పాత పుస్తకంలో పోగోనోఫోరా వర్గం అని ఉంటే సెమినార్‌లో అది చరిత్రగా చెప్పండి, ఇప్పటి వర్గీకరణగా చెప్పకండి. ఈ ఒక్క చోటే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు, రక్తం. బాక్టీరియాకు హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి, ఆక్సిజన్ కావాలి, కార్బన్ డయాక్సైడ్ కావాలి. సల్ఫైడ్ మామూలు జంతువుకు విషం. కణాల శ్వాసక్రియలో చివరి ఎంజైమ్ అయిన సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్‌ను అది ఆపేస్తుంది. పైగా సల్ఫైడ్, ఆక్సిజన్ ఒకచోట కలిస్తే వాటంతటవే చర్య జరుపుకుని ఉపయోగం లేకుండా పోతాయి. రిఫ్టియా హిమోగ్లోబిన్ ఈ రెండు ఇబ్బందుల్నీ ఒకేసారి దాటుతుంది. ఆక్సిజన్‌ను ఒక చోట, సల్ఫైడ్‌ను వేరే చోట పట్టుకుని రెంటినీ విడివిడిగా, భద్రంగా మోసుకుపోతుంది. సల్ఫైడ్ ఇలా కట్టుబడి ఉన్నంతసేపూ పురుగు కణాల మీద దాని విషం పనిచేయదు. ఈ హిమోగ్లోబిన్ మన రక్తంలోలాగా కణాల్లో ఉండదు, ద్రవంలో కరిగి ఉంటుంది. మూడు రకాలున్నాయి: రెండు రక్తనాళాల్లో, ఒకటి శరీరకుహర ద్రవంలో. వాటిలో పెద్దది సుమారు 3600 కిలోడాల్టన్ల బరువు. మన హిమోగ్లోబిన్ 64 చుట్టూ ఉంటుంది, మీరే పోల్చుకోండి. కుచ్చు ఎర్రగా ఉండేది కూడా ఈ హిమోగ్లోబిన్ వల్లే.

కార్బన్ డయాక్సైడ్ వేడినీటి బుగ్గ దగ్గర పుష్కలంగా ఉంటుంది, అది తేలిగ్గా లోపలికి వస్తుంది. వచ్చిన వెంటనే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ దాన్ని బైకార్బనేట్‌గా మార్చేస్తుంది కాబట్టి బయటి నుంచి ఇంకా వస్తూనే ఉంటుంది. బయటి నీరు ఆమ్లంగా ఉన్నా పురుగు ప్రోటాన్లను బయటికి తోసేస్తూ లోపలి పీహెచ్‌ను 7 పైనే నిలబెట్టుకుంటుంది. ఈ పనికి చాలా శక్తి ఖర్చవుతుంది. అందుకే ఎప్పుడూ సరఫరా ఉండే చోటే అది బతకగలదు. నత్రజని కోసం నీటిలోని నైట్రేట్‌ను తీసుకుంటుంది, జంతువుల్లో ఇది మామూలుగా చూడని విషయం. అదీ బాక్టీరియా చలవే.

ట్రోఫోసోమ్‌లో గ్రాముకు వందల కోట్ల బాక్టీరియా ఉంటాయి. అన్నీ ఒకే రకం, పేరు ఎండోరిఫ్టియా పెర్సెఫోనే. పురుగు కణాల లోపలే ఉంటాయి. చిన్న చిన్న తమ్మెల మధ్యలో ఉన్నవి విభజన చెందుతుంటాయి. అంచుకు జరిగినకొద్దీ ముదిరి, చివరికి పురుగు కణం వాటిని అరిగించుకుంటుంది. బతికున్న బాక్టీరియా బయటికి వదిలే సేంద్రియ పదార్థమూ పురుగుకు అందుతుంది. అంటే ఒక చేత్తో పాలు పిండుకుంటూ ఇంకో చేత్తో ముసలి పశువును కోసుకు తిన్నట్టు రెండు దారుల్లోనూ తిండి దొరుకుతుంది.

ఈ సంగతి ఎలా బయటపడిందో తెలుసుకోవడం మంచిది. 1977లో ఆల్విన్ అనే సబ్‌మెర్సిబుల్‌తో గాలపాగస్ రిఫ్ట్ మీదకు దిగినవాళ్ళు భూగర్భ శాస్త్రవేత్తలు. వేడినీటి బుగ్గలు ఉంటాయని ఊహించారు, పురుగులు ఉంటాయని కాదు. నౌకలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. స్పెసిమెన్లు భద్రపరచడానికి సరిపడా ఫార్మలిన్ లేక కొన్నిటిని వోడ్కాలో వేసి తెచ్చారు. 1979లో జీవశాస్త్రవేత్తలు వెళ్ళారు. తర్వాత జోన్స్ హార్వర్డ్‌లో ఉపన్యాసం ఇస్తూ ట్రోఫోసోమ్‌లో గంధకం స్ఫటికాలు కనిపించాయని చెప్పాడు. వింటున్న కొలీన్ కావనా అనే పరిశోధక విద్యార్థిని, అయితే లోపల గంధకాన్ని వాడుకునే బాక్టీరియా ఉండాలి కదా అని లేచి అడిగింది. 1981లో ఆమె మైక్రోస్కోపు ఆధారాలూ, హార్స్ట్ ఫెల్‌బెక్ ఎంజైమ్ ఆధారాలూ అచ్చయ్యాయి. జోన్స్ ఈ జాతికి శాస్త్రీయ వర్ణన ఇచ్చిందీ ఆ రోజుల్లోనే.

ఒక తప్పుడు మాట చాలాచోట్ల కనిపిస్తుంది: ఈ పురుగుకు సూర్యుడితో పనే లేదని. శక్తికి మూలం సల్ఫైడ్, నిజమే. దాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పైన ఎండలో జరిగే కిరణజన్య సంయోగక్రియ నుంచి వచ్చి, చల్లటి నీటితో అడుగుకు దిగినదే. ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

పెద్ద పురుగుకు నోరు లేదు కానీ డింభకానికి ఉంటుంది. అందుకే మొదట్లో బాక్టీరియా నోటి ద్వారా లోపలికి వెళ్తాయని అనుకున్నారు. 2006లో నుస్‌బామర్, ఫిషర్, బ్రైట్ ప్రచురించిన పనితో అది తేలిపోయింది. నేల మీద కుదురుకున్న బుల్లి పురుగు చర్మం గుండా బాక్టీరియా దూరతాయి. లోపల మధ్యస్త్వచ కణజాలాన్ని (చర్మానికీ పేగుకూ మధ్య ఉండే పొరను) చేరతాయి, అక్కడే ట్రోఫోసోమ్ తయారవుతుంది. ఆ తర్వాత చర్మ కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోయి కొత్త బాక్టీరియా రాక ఆగిపోతుంది. నోరూ పేగూ క్రమంగా మాయమవుతాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బాక్టీరియా తల్లి నుంచి గుడ్డులో రావు. ప్రతి తరమూ చుట్టూ ఉన్న నీటి నుంచి కొత్తగా తెచ్చుకోవాల్సిందే. పురుగు చచ్చాక దాని బాక్టీరియా కొంత బతికి బయటి నీటిలోకి చేరుతుందని 2015లో చూపించారు. అంటే పాత కాలనీ కొత్త కాలనీకి విత్తనం వేసినట్టే.

ఇంతవరకు అర్థమైతే మ్యాప్ దానంతటదే తేలుతుంది. పురుగు కూర్చోవాల్సిన చోట సల్ఫైడ్ నీరూ ఆక్సిజన్ నీరూ రెండూ కుచ్చుకు తగలాలి. 350 డిగ్రీల నల్లటి పొగ చిమ్మే చిమ్నీ మీద అది ఉండదు, ఉడికిపోతుంది. బసాల్ట్ పగుళ్ళలోంచి గోరువెచ్చగా ఊరే నీటి దగ్గర ఉంటుంది. కుచ్చు చుట్టూ నీరు 2 డిగ్రీల సముద్రపు చల్లదనానికీ సుమారు 30 డిగ్రీలకూ మధ్య మారుతూ ఉంటుంది. ఇలాంటి చోట్లు కొన్నేళ్ళు, మహా అయితే కొన్ని దశాబ్దాలు ఉంటాయి. లావా కప్పేస్తే కథ ముగుస్తుంది. 1979లో కనిపెట్టిన రోజ్ గార్డెన్ అనే పేరున్న కాలనీ కోసం 2002లో వెళితే అక్కడ కొత్త లావా మాత్రమే ఉంది. దగ్గర్లో చిన్న పురుగులున్న కొత్త చోటు దొరికితే దానికి రోజ్‌బడ్ అని పేరు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ పసిఫిక్ రైజ్ మీద 9 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర ఆల్విన్ దిగేసరికి విస్ఫోటనం అప్పుడే జరుగుతోంది, అక్కడి టీకా అనే గొట్టపు పురుగుల చోటు లావా కింద పోయింది.

ఇంత అస్థిరమైన ఇంట్లో బతకాలంటే తొందరగా పెరగాలి. అదే 9 డిగ్రీల దగ్గర 1991 విస్ఫోటనం తర్వాత లెక్క కట్టారు: గొట్టం ఏడాదికి 85 సెంటీమీటర్ల పైన పెరిగింది. ముందు టెవ్నియా అనే చిన్న చుట్టం వచ్చి స్థలం పట్టింది, తర్వాత రిఫ్టియా వచ్చి దాన్ని కప్పేసింది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మెక్సికో సింధుశాఖలో చల్లటి ఊటల (వేడి లేకుండా మీథేన్, సల్ఫైడ్ ఊరే చోట్ల) దగ్గర ఉండే లామెల్లిబ్రాకియా. అక్కడ ఊట వందల ఏళ్ళు నిలుస్తుంది. అది రెండు మీటర్లు పెరగడానికి 200 ఏళ్ళకు అటూ ఇటూ పడుతుంది. కుటుంబం ఒకటే, ఒంటి అమరికా దాదాపు అదే, బతుకు వేగం మాత్రం ఇల్లు ఎంతకాలం ఉంటుందో దాన్ని బట్టి మారింది.

తొందరగా పెరిగితే చాలదు, పాత ఇల్లు పోయేలోపు పిల్లలు కొత్త చోటు చేరాలి. డింభకం తిండి తినదు, గుడ్డులోని కొవ్వు మీదే బతుకుతుంది. 2 డిగ్రీల చల్లదనంలో, ఆ లోతు ఒత్తిడిలో పెంచి చూసి, సగటున 38 రోజులు బతుకుతుందని 2001లో లెక్క వేశారు. ఆ లోతు ప్రవాహాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబట్టి ఆ వ్యవధిలో అది 100 కిలోమీటర్లు దాటడం అరుదు. ఈస్ట్ పసిఫిక్ రైజ్ చాలా వేగంగా విడిపోయే శ్రేణి. కొన్ని చోట్ల ఏడాదికి 15 సెంటీమీటర్ల దాకా విడిపోతుంది, బుగ్గలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక గట్టు నుంచి పక్క గట్టుకు, అక్కడి నుంచి ఇంకో దానికి ఇలా తరాల మీద తరాలు దాటుకుంటూ పురుగు వేల కిలోమీటర్లు వ్యాపించింది. గాలపాగస్ రిఫ్ట్ ఆ శ్రేణికి కలిసే ఉంది కాబట్టి అటూ వెళ్ళింది.

ఉత్తరాన ఎందుకు ఆగింది? కాలిఫోర్నియా సింధుశాఖ తర్వాత శ్రేణి తెగిపోయింది. ఒకప్పుడు ఈస్ట్ పసిఫిక్ రైజ్, కెనడా పక్కనున్న హువాన్ డె ఫూకా శ్రేణి ఒకటే. సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం ఉత్తర అమెరికా ఫలకం ఆ శ్రేణి మధ్య భాగం మీదకు ఎక్కేసింది. ఇప్పుడు ఆ జాగాలో సాన్ ఆండ్రియాస్ భ్రంశం ఉంది. ఉత్తరపు ముక్కలో రిఫ్టియా లేదు, రిడ్జియా అనే వేరే చుట్టం ఉంది. నాకైతే ఈ పాఠం మొత్తంలో చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. పలకల కదలిక గురించి జాగ్రఫీలో చదివింది ఒక పురుగు చిరునామాలో కనిపిస్తుంది.

అట్లాంటిక్ మధ్య శ్రేణిలో బుగ్గలున్నాయి, ఆ బుగ్గల దగ్గర రిమికారిస్ రొయ్యల గుంపులున్నాయి, రిఫ్టియా లేదు. పశ్చిమ పసిఫిక్‌లో ఇదే కుటుంబపు వేరే జాతులున్నాయి. హిందూ మహాసముద్రంలో 2000లో జపాన్‌వాళ్ళు కైరేయి బుగ్గను కనిపెట్టారు. అక్కడా రొయ్యలు, ఇనుప పొలుసులున్న పాదంతో తిరిగే నత్తలు. మన జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కలిసి 2024 డిసెంబరులో మధ్య హిందూ మహాసముద్ర శ్రేణి మీద సుమారు 4500 మీటర్ల లోతున చురుగ్గా ఉన్న బుగ్గను ఫొటో తీశాయి. దాన్ని చూసి, ఇక అక్కడ రిఫ్టియా ఉంటుందని రాసేయకండి. డింభకం 100 కిలోమీటర్లు పోలేనిది పసిఫిక్ దాటి ఇటు రాదు.

ఇంకొక కొత్త సంగతి మీ సెమినార్‌కు పనికొస్తుంది. 2023లో ఈస్ట్ పసిఫిక్ రైజ్ మీద రోబో చేతితో లావా పెచ్చును ఎత్తి చూస్తే కింద వెచ్చటి నీటి గుహల్లో పెద్ద రిఫ్టియాలు కనిపించాయి. 2024లో ఆ ఫలితం ప్రచురించారు. డింభకాలు నేల అడుగు దారుల్లోంచి కూడా కదులుతాయేమోనని ఇప్పుడు ఆలోచిస్తున్నారు. కాబట్టి లోతు, అక్షాంశం అని పట్టిక వేసేటప్పుడు "సముద్రపు అడుగు పైన" అని మాత్రమే రాసి ఆపేయకండి.

ఇక మన తీరం. బంగాళాఖాతంలో అలాంటి వేడి శ్రేణి లేదు, కాబట్టి రిఫ్టియా ప్రశ్నే రాదు. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో మీథేన్ ఉంది. 2006లో అక్కడ తవ్వినప్పుడు మందపాటి గ్యాస్ హైడ్రేట్ (మీథేన్ చిక్కుకున్న మంచు) పొర బయటపడింది. తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు అదే బేసిన్‌లో చురుగ్గా ఉన్న చల్లటి ఊటలను కనుక్కున్నారు. ఊటల దగ్గర బాక్టీరియాతో కలిసి బతికే ఆల్చిప్పలు, వాటితోపాటు సిబోగ్లినిడే కుటుంబపు సన్నటి గొట్టపు పురుగులు దొరికాయి. రిఫ్టియా అంత బారు కాదు, ఎర్ర కుచ్చుల అడవీ కాదు, కానీ నోరు లేని అదే ఒళ్ళు, బాక్టీరియా మీద బతికే అదే పద్ధతి. కాకినాడ, మచిలీపట్నం తీరాలకు ఎదురుగా ఉన్న సముద్రంలో సంగతి ఇది. సెమినార్‌లో మన ఉదాహరణ కావాలంటే రిఫ్టియాను బలవంతంగా ఇటు లాగే బదులు దీన్ని పెట్టండి.

బొమ్మ వేసేటప్పుడు నాలుగు భాగాలూ వేయండి, ఒపిస్తోసోమ్‌ను అసలు వదలొద్దు. డింభకం బొమ్మ పక్కన వేరేగా వేసి, దానికి నోరు చూపించండి. పరీక్షకుడు "నోరు లేదన్నారుగా?" అని అడుగుతాడు, అప్పుడు చర్మం సంగతి చెప్పొచ్చు. ప్రాక్టికల్‌కు గొట్టపు పురుగు కావాలంటే హార్బర్ గోడల మీద హైడ్రాయిడిస్ బోలెడంత. గొట్టాన్ని నిలువునా పగలగొట్టి తీయండి. పై నుంచి పట్టి లాగొద్దు.